దిద్దడం దాటి రాయడం వరకు

ప్రాథమిక పాఠశాలలో రాత నేర్పడంలో రెండు పనులు కలిసి ఉంటాయి. అక్షరం ఆకారాన్ని చేతికి అలవాటు చేయడం ఒకటి. మనసులో ఉన్న మాటను కాగితం మీద పెట్టే నేర్పు ఇవ్వడం రెండోది. మొదటిదాన్ని దస్తూరి అంటారు. రెండోదాన్ని స్వీయరచన అని పెద్దలు అంటారు, పిల్లలకు మాత్రం అది ‘సొంతంగా రాయడం’. ఒకటో తరగతిలో చేరిన పిల్ల అయిదో తరగతి దాటేసరికి ఈ రెండూ వచ్చి ఉండాలి. తెలుగు బడుల్లో రోజూ జరిగే రాతపనిలో పెద్ద వాటా చూచిరాతది. నల్లబల్ల మీది వాక్యాలనో వాచకంలోని పేరానో చూసి నోటుబుక్కులోకి దించుతారు. పేజీలు నిండుతాయి, ఇంట్లో చూపించుకోవడానికి పనికొస్తాయి. అయితే నిండిన పేజీలో చెయ్యి ఎటు నుంచి ఎటు కదిలిందో కనబడదు, పిల్లకు చెప్పాలని ఏముందో అసలే కనబడదు. రాతలో వచ్చే చిక్కులు చాలావరకు ఈ కనబడని చోట్లే పుడతాయి.

రాతకు కావలసిన చెయ్యి బడికి ముందే ఎలా తయారవుతుందో ఏలూరు జిల్లా చాట్రాయి మండలం వంటి చోట తేలిగ్గా అర్థమవుతుంది. తెలంగాణ సరిహద్దుకు దగ్గరగా, నూజివీడు మామిడికి పేరుపడ్డ నేల ఇది. బంగినపల్లి, చిన్నరసం, పెద్దరసం, కలెక్టరు కాయల కోతలు వేసవి సెలవుల్లోనే ముమ్మరంగా సాగుతాయి. జూన్‌లో బడులు తెరిచేసరికి తోటల్లో సందడి తగ్గుముఖం పడుతుంది. అప్పుడు ఒకటో తరగతిలో అడుగుపెట్టే పిల్లల చేతులకు కొమ్మ పట్టుకుని వేలాడడం, రాయి గురిచూసి విసరడం, రాలిన కాయలు ఏరడం బాగా వచ్చు. ఇవన్నీ భుజానికీ ముంజేతికీ బలాన్నిచ్చే పనులే, రాతకు ఆ బలమూ కావాలి. దానితోపాటు వేలికొసల్లో అదుపు కావాలి. అది వేరే పనుల్లో వస్తుంది. చిక్కుడుకాయలు ఒలవడం, పూలు గుచ్చడం, మట్టి పిసికి బొమ్మలు చేయడం, చొక్కా గుండీలు పెట్టుకోవడం, కాగితం చించి అంటించడం వంటివి అంగన్‌వాడీలో ఉండగానే చేసిన పిల్లకు పెన్సిల్ అంటే బెదురుండదు.

ముగ్గు కూడా ఈ కోవలోదే. చుక్క నుంచి చుక్కకు గీత లాగడం, చుక్క చుట్టూ మెలిక తిప్పి మళ్లీ మొదటికి తీసుకురావడం అచ్చంగా తెలుగు అక్షరాలకు కావలసిన కదలికలు. ఇళ్లలో ముగ్గు ఆడపిల్లల పనిగానే మిగిలిపోవడంతో మగపిల్లలకు ఈ సాధన దొరకడం లేదు. బడి వరండాలో సుద్దముక్క ఇచ్చి అందరి చేతా పెట్టించడానికి ఖర్చేమీ లేదు.

పిల్లలకు గీతలు కూడా ఒక వరసలో పట్టుబడతాయి. నిలువుగీత ముందు వస్తుంది, తర్వాత అడ్డగీత, ఆ తర్వాత గుండ్రం. ఒకదాన్నొకటి దాటే గీతలు, ఏటవాలు గీతలు ఆలస్యంగా వస్తాయి. ఏటవాలు ఇంకా కుదరని పిల్ల చేత తలకట్టు పెట్టిస్తే అది అడ్డగీతో, చుక్కో అవుతుంది. అందుకు పిల్లను కోప్పడి లాభం లేదు. ఇంకొన్ని వారాలు గీతలతో ఆడనివ్వాలి.

ఇసుకలో వేలితో రాయించడం ఈ ప్రాంతాల్లో చాలా పాత పద్ధతి. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో అన్ని జిల్లాల నుంచి బడుల వివరాలు అడిగాడు. బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో పంపిన జవాబు వాటిలో బాగా పేరు పొందింది. అప్పటి బళ్లారి జిల్లా బడుల్లో తెలుగు, కన్నడం రెండూ నడిచేవి. 533 బడులు, 6,641 మంది పిల్లలు ఉన్నారని ఆయన లెక్క. ఐరోపాలో లాగా అక్షరాల పేర్లు వల్లించి కాకుండా, నేల మీది ఇసుకలో వేలితో రాస్తూ ఇక్కడి పిల్లలు అక్షరాలు నేర్చుకుంటారని రాశాడు. చెయ్యి కుదిరాకే తాటాకు మీద గంటంతోనో, కాగితం మీద రెల్లు కలంతోనో, పలకకు బదులుగా వాడే కడితం మీదో రాసే హక్కు వచ్చేది. పనిముట్టు మారడం అంటే పిల్లవాడు ఒక మెట్టు ఎక్కినట్టు. నేటి బడుల్లో అంగన్‌వాడీ పిల్లకూ ఒకేసారి పెన్సిలు, నోటుబుక్కు చేతికివ్వడంతో ఆ మెట్లు చెరిగిపోయాయి.

ఈ ఇసుక పద్ధతి అంతకు ముందే సముద్రం దాటింది. మద్రాసు ఎగ్మూరులో సైనికుల అనాథ బాలుర ఆశ్రమాన్ని నడిపిన ఆండ్రూ బెల్, ఒక స్థానిక బడిలో పిల్లలు ఇసుకలో రాయడం చూసి తన ఆశ్రమంలోనూ మొదలుపెట్టించాడు. 1797లో లండన్‌లో దాని గురించి పుస్తకం వేశాడు. పెద్ద పిల్లలు చిన్నవాళ్లకు చెప్పే ఆయన ‘మద్రాసు విధానం’ ఇంగ్లండు బడుల్లోకి వ్యాపించినప్పుడు దానితోపాటు ఇసుక కూడా వెళ్లింది. ఆ తర్వాత వందేళ్లకు ఇటలీలో మరియా మాంటిస్సోరి గరుకు కాగితంతో అక్షరాలు కత్తిరించి, పిల్లల చేత వేళ్లతో తడిమించింది. వేలికి తగిలే గరుకుదనం వల్ల అక్షరం నడిచే దారి గుర్తుండిపోతుందన్న ఆలోచన ఇసుకలోనూ ఉంది, ఆ కాగితంలోనూ ఉంది.

క్యాంప్‌బెల్ నివేదికలో మెచ్చుకోలు ఎంత ఉందో ఫిర్యాదూ అంత ఉంది. పిల్లలు కంఠస్థం చేసే పద్యాల భాష వాడుక భాషకు చాలా దూరమని, అర్థం తెలియకుండానే వల్లిస్తున్నారని, నేర్పేవాళ్లకే చాలాచోట్ల అర్థం తెలియదని రాశాడు. చేతికి మంచి శిక్షణ ఇచ్చిన బడి మాటను గాలికొదిలేసిందన్న మాట. ఇరవయ్యో శతాబ్దం తొలి దశకాల్లో గిడుగు రామమూర్తి (1863–1940) వాడుకభాష కోసం పట్టుపట్టడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. ఇంట్లో మాట్లాడే భాష బడిలో రాయకూడనిదైతే పిల్లవాడికి మిగిలేది చూచిరాతే. ఇప్పటి వాచకాలు వాడుకభాషలోనే ఉన్నాయి. చూచిరాత మాత్రం ఉన్నచోటే ఉంది.

తెలుగు వర్ణమాలను సంప్రదాయంగా 56 అక్షరాలుగా లెక్కిస్తారు. నోట్లో ధ్వని పుట్టే చోటును బట్టి కూర్చిన వరస అది. వల్లెవేయడానికి చక్కగా ఉంటుంది, చేతికి మాత్రం కష్టం. మొట్టమొదటి అక్షరమైన ‘అ’లోనే సుడి, వంపు, మలుపు అన్నీ ఉన్నాయి. నాలుగు రోజులు పోయాక వచ్చే ‘ఋ’ పెద్దవాళ్లకే తికమక. కాబట్టి పలికే వరస వేరు, రాయించే వరస వేరు కావాలి. ఇటీవలి వాచకాలు కూడా తెలిసిన చిన్న పదాలతో మొదలుపెట్టి, వర్ణమాల క్రమాన్ని పక్కనపెట్టి అక్షరాలను పరిచయం చేస్తున్నాయి.

ఆకారాన్ని బట్టి చూస్తే తెలుగు లిపి కొద్దిపాటి కదలికల అల్లిక. సున్న దాని పునాది. సున్నకు తలకట్టు పెడితే ‘ర’, ఆ ‘ర’ కడుపులో చుక్క పెడితే ‘ఠ’. కమానులా వంచి తలకట్టు పెడితే ‘గ’. ‘ద’కు కింద చిన్న గీత తగిలిస్తే ‘ధ’, దాని లోపల చుక్క పెడితే ‘థ’. ‘డ, ఢ’, ‘ప, ఫ’, ‘చ, ఛ’ జంటలు కూడా కింది గీతతోనే వేరవుతాయి. ‘వ’ వచ్చిన పిల్లకు ‘మ’ ఎంతో దూరం కాదు, పక్కన తోక పెంచడమే. ‘ప’కూ ‘వ’కూ తేడా ఎక్కడుందో మాత్రం వేలు పెట్టి చూపించాలి. ‘వ’లో తలకట్టు అక్షరాన్ని అంటుకుని ఉంటుంది, ‘ప’లో విడిగా పైన కూర్చుంటుంది. ఇంత చిన్న తేడా పెద్దల కంటికి ఆనదు, ఎందుకంటే వాళ్లు అక్షరాన్ని చూడరు, మాటను చూస్తారు. ‘ఖ, జ, బ, ల’ వంటి వాటికి తలకట్టే లేదు. తలకట్టు కొత్తగా నేర్చుకున్న పిల్లలు ఉత్సాహంగా వాటికీ పెట్టేస్తారు. ఆ తప్పులో ఒక తెలివి ఉంది. పిల్ల ఒక సూత్రాన్ని పట్టుకుంది, దాని హద్దు ఇంకా తెలియలేదు.

ప్రతి అక్షరానికీ ఎక్కడ మొదలుపెట్టాలి, ఎటు తిప్పాలి, ఎక్కడ ఆపాలి అన్న మూడు సంగతులు మొదటి వారంలోనే స్థిరపడాలి. తోక వైపు నుంచి మొదలుపెట్టి ‘ల’ రాసినా చూడడానికి అది ‘ల’ లాగే ఉంటుంది, అందుకే ఎవరూ పట్టించుకోరు. నాలుగో తరగతిలో వేగంగా రాయవలసి వచ్చినప్పుడు ఆ తలకిందులు దారి అడ్డం పడుతుంది. అప్పుడు మార్చడం చాలా కష్టం, చెయ్యి మొండికేస్తుంది. ఇందుకు ఉపాధ్యాయుడు నల్లబల్లకు అడ్డుగా నిలబడకుండా, తన చెయ్యి పిల్లలకు కనబడేలా పక్కకు జరిగి రాయాలి. రాస్తూ ‘సుడి, కిందికి, కుడికి, పైకి’ అని కదలికను పైకి చెప్పాలి. పిల్లలు గాలిలో వేలితో రాస్తూ అదే అనాలి. పిల్ల రాస్తున్నప్పుడు పక్కన నిలబడి చూడడం, రాసిన తర్వాత పేజీకి టిక్కు పెట్టడం కంటే ఎన్నో రెట్లు విలువైన పని. ముప్పై మంది ఉన్న తరగతిలో రోజుకు అయిదుగురిని అలా చూసినా వారం తిరిగేసరికి అందరూ అయిపోతారు.

దిద్దించడం గురించి కొంచెం ఆగి మాట్లాడుకోవాలి. అక్షరాభ్యాసం నాడు బియ్యంలో పిల్లవాడి వేలు పట్టుకుని రాయించినప్పటి నుంచి, పలక మీది పెద్ద అక్షరం మీద పదే పదే బలపం తిప్పించే వరకు అంతా దిద్దించడమే. వర్క్‌బుక్కుల్లో చుక్కల అక్షరాలు దాని కొత్త రూపం. మొదటి మెట్టుగా ఇది మంచిదే, అక్కడే ఆగిపోతేనే నష్టం. అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయంలో కరిన్ జేమ్స్ బృందం ఇంకా చదవడం రాని అయిదేళ్ల పిల్లలతో ఒక ప్రయోగం చేసి 2012లో ఫలితాలు ప్రచురించింది. కొన్ని అక్షరాలను పిల్లల చేత సొంతంగా రాయించారు, కొన్నింటిని గీతల మీద దిద్దించారు, మరికొన్నింటిని కీబోర్డు మీద నొక్కించారు. తర్వాత ఆ అక్షరాలు చూపిస్తూ మెదడు చిత్రాలు తీశారు. చదివేటప్పుడు పనిచేసే భాగాలు సొంతంగా రాసిన అక్షరాలకే గట్టిగా స్పందించాయి. దీనికి చెప్పే కారణం ఆసక్తికరంగా ఉంటుంది. సొంతంగా రాసినప్పుడు అక్షరం ప్రతిసారీ కొంచెం తేడాగా వస్తుంది. ఒకటి వంకర, ఇంకొకటి పొట్టి, మరొకటి పక్కకు ఒరిగినది. ఇన్ని రకాలుగా ఉన్నా ఇదంతా ‘గ’యే అని గుర్తించడం అక్కడ మొదలవుతుంది. దిద్దేటప్పుడు చెయ్యి గీత వెంట పోతుంది, అక్షరాన్ని గుర్తుతెచ్చుకునే పని పడదు. అందువల్ల నాలుగైదు సార్లు దిద్దించాక చెరిపేసి, చూడకుండా రాయించాలి. తర్వాత అసలు అక్షరంతో పక్కపక్కన పెట్టి పిల్లచేతే తేడా చెప్పించాలి. వంకరగా వచ్చిందని బెంగపడనవసరం లేదు.

పలకల తయారీకి మార్కాపురం పేరున్న ఊరు. పలక చవక, అక్షరం పెద్దగా రాసుకోవచ్చు, తప్పు పోతే చెరిపేయొచ్చు. దానికో లోపం ఉంది. గీత స్పష్టంగా పడాలంటే బలపాన్ని నొక్కాలి. ఆ నొక్కుడు కాగితం మీదికి వచ్చి పెన్సిలు మొన విరగడం, వెనక పేజీకి గాట్లు పడడం, చెయ్యి నొప్పి పుట్టడం చూస్తూనే ఉంటాం. చెరిపేసిన పలక మీద పిల్ల ప్రగతి మిగలకపోవడం మరో లోపం. జూలైలో రాసిన ‘మ’కూ డిసెంబరులో రాసిన ‘మ’కూ తేడా తెలియాలంటే నెలకొక్క కాగితమైనా దాచిపెట్టాలి. అది ఉపాధ్యాయుడికి ఎంత ఉపయోగమో, ‘మావాడికి ఏమీ రావట్లేదు’ అనే తల్లికి చూపించడానికీ అంతే.

పెన్సిలును బొటనవేలు, చూపుడువేలు పట్టుకుంటే మధ్యవేలు కింద ఆనుగా ఉండడం మంచి పట్టు. పిడికిలితో పట్టే పిల్లకు పొట్టి పెన్సిలు ముక్క ఇస్తే పిడికిలి పట్టదు, వేళ్లు వాటంతటవే సర్దుకుంటాయి. నేల మీద బాసిపట్టు వేసుకుని ఒళ్లో పుస్తకం పెట్టుకున్న పిల్ల మెడ వంగిపోతుంది. ముందు చిన్న పీటో, అట్టో ఉంటే చాలు. ఎడమచేతి వాటం ఉన్నవాళ్లు సుమారుగా పదిమందిలో ఒకరు ఉంటారు. వాళ్ల చేతిని మార్చడానికి చేసే ప్రయత్నాలు ఇంకా అక్కడక్కడా సాగుతూనే ఉన్నాయి. అవి పిల్లకు భయం తప్ప ఏమీ ఇవ్వవు. తెలుగు ఎడమ నుంచి కుడికి నడుస్తుంది కాబట్టి ఎడమచెయ్యి రాసినదాన్ని తానే కప్పేస్తుంది. కాగితాన్ని కొంచెం కుడివైపు వాల్చి, పెన్సిలును మొనకు ఇంకాస్త పైన పట్టించి, బెంచీకి ఎడమ చివర కూర్చోబెడితే పక్కవాడి మోచెయ్యి తగలకుండా రాసుకుంటుంది.

గీతల పుస్తకం ఎంపికలోనూ జాగ్రత్త అవసరం. తెలుగు అక్షరానికి పైన గుడి పట్టాలి, కింద వత్తు పట్టాలి. ఇంగ్లిషు కోసం వేసిన నాలుగు గీతల్లో తెలుగు రాయిస్తే వత్తు కింది వరసలోకి దూరిపోతుంది. మొదటి ఏడాది గీతలు ఎంత ఎడంగా ఉంటే అంత మంచిది.

గుణింతాల దగ్గర తెలుగు పిల్లకు అసలు పరీక్ష ఎదురవుతుంది. ఒక్కో హల్లుకు తలకట్టు, దీర్ఘం, గుడి, కొమ్ము, ఎత్వం, ఒత్వం ఇలా వరసగా చేరుస్తూ పోతే గుర్తుపెట్టుకోవలసిన రూపాలు వందల్లోకి వెళతాయి. తెలుగు లిపికి అక్కచెల్లెలైన కన్నడ లిపిలో పిల్లలు అక్షరాలన్నీ పట్టుకోవడానికి మూడు నాలుగు తరగతుల వరకు పడుతుందని సోనాలీ నాగ్ 2007లో ప్రచురించిన పరిశోధన చూపింది. ఇంగ్లిషు 26 అక్షరాలతో పోల్చి ‘ఇంకా అక్షరాలు రాలేదా’ అని అడగడం న్యాయం కాదు. గుణింతంలో మినహాయింపులు కూడా ఉన్నాయి. కొమ్ము మామూలుగా అక్షరానికి కుడిపక్కన చేరుతుంది. ‘వ’కు అలా చేరిస్తే అది ‘మ’గా కనబడుతుంది, కాబట్టి ‘వు’లో కొమ్ము కింది నుంచి మొలుస్తుంది. ‘మొ’, ‘యొ’లలో ఒత్వం మిగతా అక్షరాల్లో లాగా ఉండదు. వీటికి కారణం చెబితే పిల్లలు ఆసక్తిగా వింటారు, మళ్లీ మర్చిపోరు. ‘క’ గుణింతం ఒక్కటే బట్టీపట్టిన తరగతికి ‘మ’ గుణింతం రాయమంటే తడబాటు కనిపించేది ఇందుకే.

వత్తుల్లో చాలావరకు అసలు అక్షరాన్నే కుదించి తలకట్టు తీసేసిన రూపాలు. త, న, మ, య, ర, ల వత్తులకు మాత్రం అసలు అక్షరంతో పోలిక తక్కువ, కాబట్టి వాటిని విడిగా నేర్పాలి. ఇంకో చిక్కు పెద్దలకు తట్టదు. ‘భక్తి’ అనే మాటలో చెవికి వినబడే వరస క్, త్, ఇ. రాసేటప్పుడు మాత్రం ‘ఇ’ గుర్తయిన గుడి ముందు ‘క’ మీద వచ్చి కూర్చుంటుంది, ‘త’ కిందికి పోతుంది. ‘స్త్రీ’లో అయితే చివర వినబడే దీర్ఘం మొదటి అక్షరం నెత్తిన ఉంటుంది. విన్నది విన్నట్టు రాసే పిల్ల ‘భకితి’ అనో ‘భకతి’ అనో రాస్తుంది. ఆ పిల్ల చెవి బాగానే పనిచేస్తోంది. లిపి కట్టుబాటు తెలియదు, అంతే.

ఉక్తలేఖనంలో వచ్చే తప్పులను ఇలా విడదీసి చూసే అలవాటు ఉపాధ్యాయులకు చాలా మేలు చేస్తుంది. కొన్ని చెవి తప్పులు, కొన్ని కంటి తప్పులు. ‘పాట’కు ‘పట’ అని, ‘అమ్మ’కు ‘అమ’ అని రాస్తే అది చెవి తప్పు. చప్పట్లు కొడుతూ, సాగదీసి, నొక్కి పలికిస్తే తేడా వినబడుతుంది, రాత సర్దుకుంటుంది. ‘భారతం’కు ‘బారతం’, ‘శనివారం’కు ‘సనివారం’, ‘ప్రాణం’కు ‘ప్రానం’ అని రాస్తే ఎన్నిసార్లు పలికించినా లాభం లేదు, ఎందుకంటే ఊళ్లో నిత్యం వినబడే మాటలో ఆ తేడా చాలామందికి ఉండదు. ఉపాధ్యాయుడి నోట్లోనూ ఉండకపోవచ్చు. అవి కంటితో పట్టుకోవలసిన మాటలు. మాటను చూపించాలి, మూసేయాలి, రాయించాలి, పోల్చుకోనివ్వాలి. రెండు రకాల తప్పులకూ ‘పదిసార్లు రాయి’ అన్న ఒకే మందు వేయడంతో ఏ ఒక్కటీ నయం కాదు. శిక్షగా రాయించే అలవాటు దస్తూరిని కూడా చెడగొడుతుంది. తొందరగా ముగించాలని పిల్లలు ముందు ‘నేను, నేను, నేను’ అని నిలువుగా రాసుకుపోయి, తర్వాత రెండో మాట నిలువుగా పూరిస్తారు. అక్కడ వాక్యమే లేదు.

ఇప్పటి పిల్లలకు రెండు లిపులు ఒకేసారి వస్తున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2020–21 నుంచి ఒక పేజీలో తెలుగు, ఎదురు పేజీలో ఇంగ్లిషు ఉండే వాచకాలు వచ్చాయి. రెండు లిపుల కదలికలు వేరు. తెలుగులో గుండ్రాలు, సుడులు ఎక్కువ, ఇంగ్లిషులో నిలువుగీతలు ఎక్కువ, పైగా పెద్దబడి, చిన్నబడి అక్షరాలు. ఒకే రోజు రెండింటిలోనూ కొత్త అక్షరాలు మొదలుపెట్టకుండా చూసుకోవడం ఉపాధ్యాయుడి చేతిలో ఉన్న పని. ఏ.కొండూరు వైపు తండాల్లో లంబాడీ మాట్లాడే ఇళ్ల నుంచి వచ్చే పిల్లలకు తెలుగు కూడా బడిలోనే కొత్తగా వినబడుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 నుంచి బంజారా, కోయ, సవర వంటి ఎనిమిది గిరిజన భాషల్లో తెలుగు లిపితోనే వాచకాలు తయారుచేసిన ప్రయత్నం ఇందుకే. పిల్లకు తెలిసిన మాటను రాయించడం ముందు, తెలియని మాటను రాయించడం తర్వాత.

ఇక సొంతంగా రాయడం. నూజివీడు ప్రాంతంలో పుట్టిన పిల్లకు ‘మామిడి చెట్టు’ మీద వ్యాసం రాయమంటే వచ్చేది సాధారణంగా గైడులో ఉండే నాలుగు వాక్యాలే. మామిడి పండ్లలో రాజు, చెట్టు మనకు నీడ ఇస్తుంది, ఆకులు తోరణాలు కడతారు. ఎక్కడి పిల్లయినా ఇదే రాస్తుంది. చాట్రాయి పిల్లకు తెలిసింది ఇంతకంటే చాలా ఎక్కువ. పూత మీద తేనెమంచు పురుగు పడితే ఇంట్లో పెద్దవాళ్లు ఏమంటారో తెలుసు. గాలిదుమారం వచ్చిన మర్నాడు ఎన్ని కాయలు రాలాయో, వాటిని ఏం చేశారో తెలుసు. చిక్కంతో కోసిన కాయకూ కింద పడ్డ కాయకూ ధరలో తేడా తెలుసు. సొన చేతికి అంటితే ఎలా మండుతుందో, గడ్డిలో మాగబెట్టిన రసాలు ఎన్నాళ్లకు దిగుతాయో తెలుసు. ఇవేవీ నోటుబుక్కులోకి రావు. రాయదగిన విషయం పుస్తకంలోనే ఉంటుందని, తన ఇంటి సంగతి రాతకు పనికిరాదని బడి ఆ పిల్లకు తెలియకుండానే నేర్పేసింది. ఇది దస్తూరి బాగాలేకపోవడం కంటే పెద్ద లోటు.

దీన్ని సరిచేయడం ఒకటో తరగతిలోనే మొదలుకావాలి. ముందు మాట్లాడించాలి. పిల్ల చెప్పిన వాక్యాన్ని ఉపాధ్యాయుడు నల్లబల్ల మీద ఆ పిల్ల మాటల్లోనే రాసి, కింద ఆ పిల్ల పేరు పెట్టి చదివిస్తే, తాను అన్నది రాతగా మారిందని పిల్లకు మొదటిసారి తెలుస్తుంది. తర్వాత బొమ్మ గీయించి, పక్కన ఒక్క మాట రాయించాలి. ‘మామిడి’కి ‘మాడి’ అని రాసినా ఆ రోజుకు చాలు. రెండో తరగతిలో రెండు మూడు వాక్యాలు. మాటకూ మాటకూ మధ్య ఎడం ఇవ్వడం, వాక్యం చివర చుక్క పెట్టడం ఇక్కడే అలవాటు చేయాలి. నోటితో కలిపి పలికే మాటలను ఎక్కడ విడదీయాలన్నది తెలుగులో చిన్న సంగతి కాదు. రాసింది పైకి చదివిస్తే చాలావరకు దారిలో పడుతుంది. మూడో తరగతి నుంచి రాతకు ఒక పాఠకుడు ఉండాలి. మధ్యాహ్న భోజనంలో ఈ వారం ఏమేం పెడతారో గోడ మీద రాయడం, సెలవుల్లో చూసి వచ్చిన అమ్మమ్మకు ఉత్తరం, గోడపత్రికకు ఒక చిన్న కథ, బడి మొక్కలకు పేరు చీటీలు. ఎవరో చదువుతారని తెలిస్తే పిల్లలు అక్షరం కుదురుగా రాయడానికి తామే తాపత్రయపడతారు. తెలుగు రాష్ట్రాల్లో కొన్ని ప్రభుత్వ బడుల ఉపాధ్యాయులు పిల్లలు రాసిన కథలను సంకలనాలుగా అచ్చువేయించారు కూడా.

చూచిరాత అంతగా పాతుకుపోవడానికి ఒక నిజమైన కారణం ఉంది. ఒకే ఉపాధ్యాయుడు అయిదు తరగతులను చూసుకునే బడిలో మూడో తరగతికి లెక్కలు చెబుతున్నంతసేపు మిగతా పిల్లలు కుదురుగా కూర్చోవాలి. పేజీ చూసి రాయమనడం అందుకు సులువైన దారి. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ గ్రామీణ బడుల్లో వై.ఎ. పద్మనాభరావు, ఎ. రమ రూపొందించిన కార్డుల పద్ధతి ఈ ఇబ్బందిని ఇంకోలా ఎదుర్కొంది. ఒక్కో కార్డులో ఒక చిన్న పని. పిల్ల తన మెట్టులోని కార్డు తీసుకుని, కొంత తానుగా, కొంత తోటి పిల్లతో, కొంత ఉపాధ్యాయుడితో చేసి తర్వాతి మెట్టుకు పోతుంది. కర్ణాటకలో ‘నలి కలి’, తమిళనాడులో కృత్య ఆధారిత బోధన దీన్ని చూసి వచ్చినవే. కార్డులు లేని బడిలో కూడా ఇద్దరు పిల్లలు ఒకరు రాసింది మరొకరు చదివి, అర్థంకాని చోట వేలు పెట్టి అడగడం పెట్టుకోవచ్చు. రాసిన అక్షరం ఇతరులకు తెలియాలన్న ఎరుక దస్తూరికి అన్నిటికంటే మంచి గురువు.

దిద్దుబాటు ఎలా చేయాలన్నది విడిగా చెప్పుకోవలసిన విషయం. సొంతంగా రాసిన పేజీ నిండా ఎర్రసిరా పారితే, మర్నాడు ఆ పిల్ల తెలిసిన మాటలే రాస్తుంది, చిన్న వాక్యాలే రాస్తుంది. కాబట్టి ముందు రాసిన సంగతికి జవాబు ఇవ్వాలి: ‘అన్ని కాయలు రాలితే ఏం చేశారు?’ ఆ తర్వాత ఆ పేజీలోని తప్పుల్లో ఒకటి రెండింటినే తీసుకోవాలి, ఎక్కువసార్లు వచ్చినవాటిని. దస్తూరి విషయంలో తప్పు అక్షరం చుట్టూ సున్న చుట్టడానికి బదులు, ఈ వరసలో నీకు బాగా కుదిరిన ‘స’ ఏదో నువ్వే చూపించమంటే పిల్ల తన రాతను తానే పరిశీలించడం మొదలుపెడుతుంది.

దస్తూరికి రోజూ పది పదిహేను నిమిషాలు చాలు. వారానికి ఒకరోజు గంటసేపు రాయించడం కంటే ఇదే మేలు. ఇది అందం కోసమే అనుకుంటే పొరపాటు. చేతిరాత బోధన మీద వచ్చిన పరిశోధనలను కలిపి పరిశీలించి టాన్యా శాంటాంజెలో, స్టీవ్ గ్రాహం 2016లో ప్రచురించిన సమీక్షలో, దస్తూరిని పద్ధతిగా నేర్చుకున్న పిల్లలు ఎక్కువ రాయడమే కాక మెరుగైన రచన చేస్తున్నట్టు తేలింది. ‘ళ’ ఎటు తిప్పాలా అని ఆలోచించే పిల్లకు తర్వాతి వాక్యం గురించి ఆలోచించే తీరిక ఉండదు. చెయ్యి దానంతటది నడిస్తేనే మనసు కథ మీద నిలుస్తుంది. కేంద్రం 2021 జూలైలో మొదలుపెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం మూడో తరగతి ముగిసేసరికి చదవడం, లెక్కలతోపాటు అర్థవంతంగా రాయడం కూడా రావాలని, 2026–27 నాటికి ఆ లక్ష్యం చేరాలని పెట్టుకుంది. ఆ వయసుకు చెయ్యి ఇంకా అక్షరంతో కుస్తీ పడుతుంటే ఆ లక్ష్యం కాగితం మీదే ఉంటుంది.

నాలుగు, అయిదు తరగతుల్లో వేగం, వరస, పేజీ అమరిక వస్తాయి. అంచు వదలడం, పేరా మార్చడం, కొట్టివేసేటప్పుడు ఒకే గీత గీయడం వంటివి చెప్పి చేయిస్తే నెలలో వచ్చేస్తాయి. పెన్సిలు నుంచి పెన్నుకు మారడానికి తరగతి కంటే పట్టు కుదరడం చూసుకోవాలి.

ఎంత చేసినా కొందరు పిల్లలకు రాత రాదు. నోటితో చక్కగా చెప్పే సంగతిని రెండు వరసలు కూడా రాయలేరు. అక్షరాల పరిమాణం అదుపు తప్పుతుంది, కాసేపటికే చెయ్యి అలిసిపోతుంది, నిన్న వచ్చిన మాట ఈ రోజు రాదు. దీన్ని బద్ధకం కింద జమకట్టడం పరిపాటి. ఇది డిస్‌గ్రాఫియా కావచ్చు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో నిర్దిష్ట అభ్యసన వైకల్యాలు ఉన్నాయి, డిస్‌గ్రాఫియా వాటిలో ఒకటి. అనుమానం వస్తే ముందు కంటిచూపు, తర్వాత నిపుణుల చేత పరీక్ష చేయించాలి. ఈలోగా తరగతిలో ఆ పిల్లకు రాత పని తగ్గించి, జవాబులు నోటితో చెప్పనివ్వాలి. అదే ప్రశ్నకు ఖాళీలు పూరించేలా ఇవ్వొచ్చు. ధ్రువీకరణ ఉంటే తర్వాత వచ్చే బోర్డు పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు దొరుకుతారు. ఆ ధ్రువీకరణ కోసం పదో తరగతిలో హడావిడి పడకుండా ఉండడానికి, మూడో తరగతి ఉపాధ్యాయుడు దాచిపెట్టిన ఆ పిల్ల రాత నమూనాలు నిపుణుడి ముందు పెట్టడానికి మొదటి ఆధారంగా పనికొస్తాయి.